కందిరీగకూ వంశం ఉంటుంది

(కోనసీమలో వ్యవసాయ విద్యార్థులు, కొబ్బరి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

విత్తనాల దుకాణానికి వెళ్లి ఎవరూ "వరి విత్తనం ఇవ్వండి" అని అడగరు. స్వర్ణ కావాలా, సాంబమసూరి కావాలా, 1010 కావాలా అని దుకాణదారే ఎదురు ప్రశ్న వేస్తాడు. ఏ రకం పడిపోతుందో, ఏది దోమకు లొంగుతుందో, ఏ బియ్యానికి మిల్లులో ధర పలుకుతుందో మీకు కంఠతా వచ్చు. అదే పైరు పురుగుల మీద వదిలే బుల్లి కందిరీగలుండే ట్రైకో కార్డు మనం కొనేటప్పుడు మాత్రం "ట్రైకోగ్రామా ఉందా?" అని అడిగి ఊరుకుంటాం. ఆ కార్డు మీదున్న కందిరీగలు ఏ ప్రాంతపు పొలాల్లో పట్టిన తల్లుల సంతానం, ఎందరు తల్లులతో ఆ పెంపకం మొదలైంది, ఎన్ని తరాలుగా గదిలోనే బతుకుతున్నాయి అని మనం అడగం. అడిగినా అమ్మేవాళ్ల దగ్గర జవాబు దొరకడం కష్టం. ఈ ప్రశ్నలు ఎందుకు వేయాలో చెప్పడానికే ఈ సాయంత్రం మీ సమయం తీసుకుంటున్నాను.

బదనికలంటే మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇవీ కందిరీగలే, కాకపోతే మన జోలికి రావు. ఇంకో పురుగు గుడ్డులోనో, గొంగళి ఒంట్లోనో, ఒంటి మీదనో గుడ్డు పెడతాయి. పొదిగిన పిల్ల ఆ పురుగునే తిని పెరిగి, దాన్ని చంపి బయటికి వస్తుంది. ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు పొడవుంటుంది. పురుగు గుడ్డు దశలో ఉండగానే పని ముగిస్తుంది కాబట్టి పైరుకు ఒక్క గాటు కూడా పడదు.

ఒకే జాతి, ఒకే శాస్త్రీయ నామం ఉన్న రెండు కందిరీగలు ఒకే పని చేస్తాయన్న నమ్మకం ఎంత ఖరీదైనదో చెప్పే పాత ఉదాహరణ కాలిఫోర్నియాలో ఉంది. అక్కడ అక్రోటు తోటలకు పేనుబంక పట్టింది. దాని మీదికి ట్రయాక్సిస్ పాలిడస్ అనే బదనికను 1959లో ఫ్రాన్స్‌లోని కాన్ నుంచి తెచ్చారు, ఏటేటా సినిమా పండుగ జరిగే ఊరే అది. సముద్రపు గాలి తగిలే దక్షిణ కాలిఫోర్నియా తీరంలో అది హాయిగా స్థిరపడింది. అక్రోటు తోటలు ఎక్కువగా ఉన్నది మాత్రం లోపలి లోయలో. అక్కడ వేసవిలో ఎండ మండిపోతుంది, గాలిలో తేమ ఉండదు. ఎన్నిసార్లు వదిలినా అక్కడ నిలవలేదు. ఇంకెవరైనా అయితే ఈ బదనిక పనికిరాదని ఫైలు మూసేసేవారు. వాళ్లు 1968లో అదే జాతిని ఇరాన్ మధ్య పీఠభూమి నుంచి తెప్పించారు, అదీ వేడి, పొడి ప్రదేశమే. ఇరాన్ నుంచి వచ్చినవి చూస్తుండగానే లోయంతా వ్యాపించి పేనుబంకను అదుపులోకి తెచ్చాయి. భూతద్దం కింద పెడితే రెండూ ఒకటే. తేడా అంతా ఎండను ఓర్చుకునే శక్తిలో ఉంది, ఆ శక్తి జన్యువుల్లో ఉంది.

కెన్యాలో తేడా ఇంకా లోతుగా ఉంది. అక్కడ మొక్కజొన్న కాండాన్ని తొలిచే పురుగుల మీద కొటేసియా సెసామియే అనే బదనిక ఉంది. కొండప్రాంతాల్లో బుస్సియోలా ఫుస్కా అనే పురుగుది రాజ్యం. కిటాలే వైపు కొండల్లో ఉండే కొటేసియా ఆ పురుగులో చక్కగా పెరుగుతుంది. అదే కొటేసియాను మొంబాసా తీరం నుంచి తెచ్చి ఆ పురుగు మీద వదిలితే, అది గుడ్లు పెడుతుంది కానీ ఒక్కటీ బతకదు. గొంగళి రక్తకణాలు గుడ్డు చుట్టూ గుమిగూడి, పొరలు పొరలుగా కప్పేసి ఊపిరాడకుండా చేస్తాయి. మరి కిటాలే కందిరీగ గుడ్డుకు ఆ గతి ఎందుకు పట్టదు? ఈ జాతి కందిరీగలు గుడ్డుతోపాటు ఒక వైరస్‌ను కూడా పురుగులోకి ఎక్కిస్తాయి. ఆ వైరస్ కందిరీగకు బయటి నుంచి అంటుకున్న రోగం కాదు. దాని జన్యువులు కందిరీగ క్రోమోజోముల్లోనే కలిసిపోయి తల్లి నుంచి పిల్లకు వస్తాయి. పురుగు రక్తకణాలను పడకేయించడం దాని పని. కొండ వంశానికీ తీర వంశానికీ ఆ వైరస్ జన్యువుల్లోనే తేడా కనిపించింది. బదనిక వేరే, పురుగు వేరే అని విడదీసి చూస్తే ఈ సంగతి ఎప్పటికీ బోధపడదు. ఫలానా వంశపు కందిరీగ, ఫలానా పురుగు అని జంటగా చూడాలి.

ఇప్పుడు మన ఇంటి గుమ్మం దగ్గరికి వద్దాం. ఇక్కడికి దగ్గరలోనే అంబాజీపేట ఉంది. కొబ్బరి ఆకులను గోకి తినే నల్లతల గొంగళి పురుగు మీద వదలడానికి అక్కడి పరిశోధన కేంద్రం రెండు రకాల బదనికలను పెంచుతుంది. ఒకటి బ్రాకాన్ హెబెటర్, రెండోది గోనియోజస్ నెఫాంటిడిస్. బయటికి రెండూ ఒకే కుదురు పనివాళ్లలా కనిపిస్తాయి. వంశం విషయంలో మాత్రం వాటి స్వభావాలు పూర్తిగా వేరు. అది అర్థం కావాలంటే కందిరీగల్లో ఆడామగా ఎలా పుడతాయో చెప్పుకోవాలి.

తండ్రి బీజం కలిసిన గుడ్డు ఆడదవుతుంది. కలవని గుడ్డు పాడైపోదు, అది మగదవుతుంది. తేనెటీగల్లో, చీమల్లో కూడా ఇంతే. కాబట్టి మగ కందిరీగకు తండ్రి ఉండడు, తాత మాత్రం ఉంటాడు. (నవ్వులు) నవ్వుకోవచ్చు కానీ రైతుకు ఇందులో డబ్బు లెక్క ఉంది. పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టేది ఆడదే. మగది ఎన్ని ఉన్నా చెట్టుకు ఒరిగేది లేదు. మన సమాజానికి భిన్నంగా బదనికల గదిలో అందరూ కోరుకునేది ఆడపిల్లలనే.

బ్రాకాన్‌లో ఆడా మగా తేల్చే జన్యుస్థానం ఒకటి ఉంది. ఆ జన్యువుకు చాలా రూపాలు ఉంటాయి. తల్లి నుంచి ఒక రూపం, తండ్రి నుంచి వేరే రూపం వస్తేనే ఆ గుడ్డు ఆడది. తండ్రి లేని గుడ్డులో ఒకటే రూపం ఉంటుంది కాబట్టి అది మగది. ఇంతవరకు బాగానే ఉంది. తండ్రి ఉండి కూడా ఇద్దరి నుంచీ ఒకే రూపం వచ్చినప్పుడు చిక్కు వస్తుంది. ఆడది కావలసిన గుడ్డు దారి తప్పి మగదవుతుంది. బ్రాకాన్‌లో అలాంటి గుడ్లు చాలావరకు పొదగకుండానే పోతాయి. బతికి బయటపడిన కొన్నిటికి సంతానయోగం దాదాపు ఉండదు. వైటింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు గత శతాబ్దం మొదటి సగంలో ఈ గుట్టు విప్పింది ఈ బ్రాకాన్ మీదనే.

ఇప్పుడు ఒక చిన్న గది, కొన్ని సీసాలు, నాలుగైదు తల్లులతో మొదలైన పెంపకం ఊహించుకోండి. కొన్ని తరాలు తిరిగేసరికి అన్నాచెల్లెళ్లే జత కడతారు. అలాంటి జతల్లో సగం జతల్లో తల్లిదండ్రుల రూపాలు కలిసిపోతాయి. ఆ జతల్లో ఆడవి కావలసిన గుడ్లలో సగం నష్టం. పెంపకం ఆగిపోదు, సీసాల్లో కందిరీగలు ఎగురుతూనే ఉంటాయి. కానీ ఆడవాటి వాటా తగ్గుతూ పోతుంది. ఉష్ణోగ్రత బాగాలేదని, మేత పురుగు బలహీనంగా ఉందని సాకులు వెతుకుతాం. వంశం కురచైపోయిందన్న అనుమానం చివరికి గానీ రాదు. అందుకే బ్రాకాన్ పెంచే ఏ కేంద్రమైనా తోటల నుంచి కొత్త రక్తం తెచ్చి కలుపుతూ ఉండాలి. ఇది మర్యాదకు పాటించే నియమం అనుకుంటే పొరపాటు, దీని మీదే ఆ కేంద్రం ఆయుష్షు ఆధారపడి ఉంది.

గోనియోజస్‌కు ఈ చిక్కు లేదు. ఆ తల్లి గొంగళిని మత్తులో పడేసి, దాని ఒంటి మీద గుడ్లు పెట్టి, వాటికి కాపలా కూడా కాస్తుంది. ఒకే తల్లి పిల్లలు అక్కడే ఎదిగి తమలో తాము జతకట్టడం దాని సహజ జీవితం. ఈ జాతిలో ఆ జన్యుస్థానం ఉందేమోనని పరీక్షలు చేసి చూశారు, లేదని తేలింది. కాబట్టి పక్కపక్క గదుల్లో పెరిగే రెండు బదనికలకు ఒకే పెంపకం సూత్రం పనికిరాదు. మన శిక్షణల్లో ఈ ఒక్క ముక్క చెప్పడానికి పావుగంట చాలు. ఎందుకు చెప్పరో నాకు అంతుబట్టదు.

ట్రైకోగ్రామా సంగతి మూడో రకం. దానికీ బ్రాకాన్ చిక్కు లేదు. కానీ కొన్ని ట్రైకోగ్రామాలలో మగవే కనిపించవు, తల్లులు ఒంటరిగానే కూతుళ్లను కంటాయి. ఇది ఆ జాతి స్వభావమని చాలాకాలం అనుకున్నారు. 1990లో స్టౌథామర్, ఆయన సహచరులు అలాంటి కందిరీగలకు యాంటీబయాటిక్ తినిపించి చూస్తే తర్వాతి తరాల్లో మగవి పుట్టుకొచ్చాయి. కణాల్లో వోల్బాకియా అనే బాక్టీరియా కాపురం ఉంటోంది. ఆ బాక్టీరియా ఆడవాటి గుడ్డులోంచి మాత్రమే తర్వాతి తరానికి వెళ్లగలదు కాబట్టి, తన స్వార్థం కోసం కందిరీగ వంశంలో మగపుట్టుకనే ఆపేసింది. బదనికలు అమ్మేవాళ్లకు ఇది వరంలా అనిపిస్తుంది, పుట్టినవన్నీ ఆడవే మరి. కానీ బీజం కలవని ఆ గుడ్డులో తల్లి జన్యువుల ఒక వాటానే రెట్టింపై జత పూర్తవుతుంది. అంటే రెండు ప్రతులూ అచ్చం ఒకటే. ఆ వంశంలో ఇక కొత్త కలయికలు పుట్టవు.

మన దగ్గర కార్డుల మీద ఉండేది ఎక్కువగా ట్రైకోగ్రామా కిలోనిస్. చెరకులో కాండం తొలిచే పురుగుల మీద, వరిలో ఆకుముడత పురుగు మీద వాడతాం. బియ్యంలో గూళ్లు కట్టే కార్సైరా పురుగు గుడ్లను కార్డుకు అంటించి, అతినీలలోహిత కిరణాలతో వాటిలోని పిండాన్ని చంపి, కందిరీగలకు అందిస్తారు. పద్ధతి చవక, తేలిక. అందులో కనిపించని ఎంపిక ఒకటి జరుగుతుంది. కార్డు మీద వేల గుడ్లు పక్కపక్కనే ఉంటాయి. ఎగరనవసరం లేదు, వాసన పట్టి వెతకనవసరం లేదు, ఎండ లేదు, వాన లేదు. బాగా ఎగిరే దానికీ ఎగరలేని దానికీ అక్కడ సమాన గౌరవం. అంతకంటే ఎగరకుండా ఉన్నచోటే గుడ్లు పెట్టే బద్ధకస్తురాలిదే పైచేయి. అలా కొన్ని పదుల తరాలు గడిచాక ఆ వంశం కార్సైరా గుడ్లకు, గది వాతావరణానికి బాగా నప్పుతుంది. దాన్ని మే నెలలో చెరకు తోటలో వదిలితే ఏం చేయగలదు?

ఇదే ఎంపికను మనకు కావలసిన దిక్కుకు కూడా తిప్పవచ్చు. బెంగళూరులోని జీవనియంత్రణ పరిశోధకులు ట్రైకోగ్రామా కిలోనిస్‌లో ఎండోసల్ఫాన్ మందును తట్టుకునే వంశాన్ని తయారుచేశారు. ఎండోగ్రామ్ అని పేరు పెట్టారు. తరం తర్వాత తరం మందు తగిలించి, బతికిన వాటినే పెంచుతూ వెళ్లారు. వేడిని తట్టుకునే వంశాన్ని కూడా ఇలాగే తీశారు. పొలాల నుంచి తెచ్చిన కందిరీగల్లో మందును, వేడిని తట్టుకునే జన్యువులు ఎక్కడో కొన్నిటిలో ఉన్నాయి కాబట్టే ఇది సాధ్యమైంది. లేనిదాన్ని ఏ ఎంపికా పుట్టించలేదు. తర్వాత 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసింది, ఆ వంశానికి ఉన్న ప్రత్యేకతకు పని పోయింది. ఆ తీర్పు మంచిదే. నేనంటున్నది ఏమిటంటే, రేపు ఏ గుణం అవసరపడుతుందో ఈరోజు మనకు తెలియదు. అందుకే అన్ని గుణాలూ ఎక్కడో ఒకచోట బతికి ఉండేలా చూసుకోవాలి.

ఇక పెద్ద కథలు రెండు. వీటిని పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక.

న్యూజిలాండ్‌లో పచ్చికే ప్రధాన పంట. ఆ గడ్డి కాండాన్ని తినే ముక్కుపురుగు దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దాని శత్రువైన మైక్రోక్టోనస్ హైపరోడే అనే బదనికను 1991 నుంచి అక్కడ వదిలారు. ఇది ఎదిగిన ముక్కుపురుగు ఒంట్లోనే గుడ్డు పెడుతుంది. గుడ్డు పడగానే పురుగు గొడ్డుబోతుంది, ఆ తర్వాత చస్తుంది. తెచ్చినవాళ్లు తెలివైనవాళ్లు. ఒక్కచోటి నుంచి కాకుండా ఆండీస్ పర్వతాలకు అటూ ఇటూ, 8 ప్రాంతాల నుంచి సేకరించి, ఏ వంశం నిలుస్తుందో చూడటానికి అన్నిటినీ సమానంగా వదిలారు. చాలాచోట్ల తూర్పు వైపు వంశాలే గెలిచాయి. మొదట్లో ఫలితం అద్భుతం, దేశమంతా విజయం అన్నారు. తర్వాత దిగజారడం మొదలైంది. 196 చోట్ల 21 ఏళ్లపాటు సేకరించిన లెక్కలను 2017లో ప్రచురించారు. బదనిక సోకే రేటు 44 శాతం పడిపోయింది. వదిలిన సంవత్సరాలు ఒక్కోచోట ఒక్కోటి, అయినా ప్రతిచోటా వదిలిన 7వ ఏడు నుంచే పతనం మొదలైంది. పురుగుకు అది 14 తరాల కాలం. వాతావరణం కారణమైతే అన్నిచోట్లా ఒకే క్యాలెండరు సంవత్సరంలో పడిపోవాలి కదా! తరాల లెక్కన పడిపోయిందంటే పురుగు మారిందని అర్థం.

ఆ ముక్కుపురుగులో ఆడా మగా కలుస్తాయి, ప్రతి తరంలో జన్యువుల పేకముక్కలు మళ్లీ కలుపుతారు. కందిరీగ మాత్రం ఆడదే ఒంటరిగా కూతుళ్లను కంటుంది, చేతికి వచ్చిన ముక్కలతోనే ఎప్పటికీ ఆడాలి. ఈ అసమానతే ఓటమికి మూలమని పరిశోధకుల వాదన. పైగా అక్కడ కనుచూపు మేర ఒకటే రకం రైగ్రాస్ గడ్డి. పక్కనే ఇంకో రకం రైగ్రాస్ వేసిన మళ్లలో బదనిక అంతగా ఓడిపోలేదు. పైరులో వైవిధ్యం లేకపోవడం, కందిరీగలో వైవిధ్యం లేకపోవడం రెండూ కలిసి పురుగుకు దారి ఇచ్చాయి.

రెండో కథ కర్రపెండలానిది. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులు చూసినవారికి ఈ దుంప విలువ తెలుసు. ఆఫ్రికాలో అది కోట్లమందికి రోజూ తినే తిండి. 1970ల మొదట్లో దక్షిణ అమెరికా నుంచి పిండినల్లి వచ్చి ఆ చేలను ఎండగట్టింది. 1981లో పరాగ్వేలో దాని పుట్టిల్లు దొరికింది, అక్కడే అనాగైరస్ లోపెజీ అనే బదనిక కూడా దొరికింది. అదే ఏడాది నైజీరియాలో వదిలారు. పదేళ్లు తిరక్కుండా ఆఫ్రికాలో పాతిక దేశాల వరకు స్థిరపడింది. ఈ పనిని నడిపించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. దశాబ్దాలు గడిచినా న్యూజిలాండ్‌లో జరిగినట్టు ఇక్కడ జరగలేదు. ఇక్కడ పాత్రలు తారుమారయ్యాయి: మగతోడు లేకుండా పిల్లలను కనేది పిండినల్లి, ఆడామగా కలిసి కనేది కందిరీగ. వైవిధ్యం మన పక్షాన ఉంది. ఇదొక్కటే కారణమని నేను అనను. ఆఫ్రికా చిన్న రైతు చేను, న్యూజిలాండ్ పచ్చిక మైదానం ఒకటి కావు. కానీ ఈ తేడాను పట్టించుకోకుండా కొత్త బదనికను ఎంచుకోవడం తెలివితక్కువ.

2020లో ఆ పిండినల్లి కేరళలో కనిపించింది, తర్వాత తమిళనాడు చేలకు పాకింది. మనవాళ్లు ఆఫ్రికాలోని బెనిన్ నుంచి అదే కందిరీగను తెప్పించి 2022లో వదిలారు. పరాగ్వే నుంచి ఆఫ్రికాకు, ఆఫ్రికా నుంచి మనకు. ప్రతి మజిలీలో కొన్ని తల్లులే ప్రయాణం చేస్తాయి, ప్రతి మజిలీలో కొంత వైవిధ్యం రాలిపోతుంది. ఇది గోదావరి జిల్లాల చేలకు అవసరపడే రోజు వస్తే, ఎక్కడి నుంచి, ఎన్ని తల్లులు అని అడగండి.

ప్రశ్నలు ఉంటే తీసుకుంటాను.

(ఒక విద్యార్థి: వైవిధ్యం మంచిదైతే, ఎక్కడెక్కడి వంశాలనూ ఒకే సీసాలో కలిపేస్తే సరిపోదా?)

సరిపోదమ్మా. ఒకే సీసాలో కలిపితే ఆ సీసాకు నప్పిన వంశమే మిగతావాటిని మింగేస్తుంది. కొన్ని నెలల తర్వాత పేరుకు పది ఊళ్లవి, నిజానికి ఒకటే. విడివిడి వంశాలుగా పెంచి, పొలంలో వదిలేముందు కలపడం మేలు. ఒక్కో వంశంలో లోపల వైవిధ్యం పోయినా, వంశాల మధ్య తేడా నిలిచి ఉంటుంది. ట్రైకోగ్రామాకు, గోనియోజస్‌కు ఇది బాగా కుదురుతుంది. బ్రాకాన్‌కు మాత్రం చిన్నచిన్న వంశాలుగా విడదీస్తే కొంప మునుగుతుంది, ఎందుకో ఇందాకే చెప్పుకున్నాం.

(ఒక రైతు: మేము కొన్న కార్డుల్లో సగం గుడ్లలోంచి కూడా కందిరీగలు రాలేదండీ. వంశం పాడైనట్టేనా?)

ముందే వంశాన్ని అనుమానించకండి. ఎండలో బస్సు మీద వచ్చిందా, పొలంలో చీమలు తినేశాయా, అవి చూడండి. కార్డులోంచి చిన్న ముక్క కత్తిరించి, గాజు సీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి నీడలో ఉంచండి. నల్లబడ్డ గుడ్లు ఎన్ని, వాటిలో రంధ్రం పడినవి ఎన్ని లెక్కపెట్టండి. బయటికి వచ్చినవాటి రెక్కలు భూతద్దంలో చూడండి. రెక్కలు ముడుచుకుపోయినవి, మగవి ఎక్కువగా ఉంటే అప్పుడు పెంచినవాళ్లను వంశం గురించి నిలదీయండి.

(మరొకరు: బయటి దేశాల కందిరీగలను తెస్తే అవి మనకు మేలు చేసే పురుగులను చంపవా?)

చంపవచ్చు. అందుకే క్వారంటైన్‌లో ఉంచి, ఇతర పురుగుల మీద పరీక్షించి గానీ వదలరు. అయితే ఆ పరీక్ష కూడా జాతికి చేస్తే చాలదు, వంశానికి చేయాలి. మళ్లీ న్యూజిలాండే చూడండి. మైక్రోక్టోనస్ ఏథియోపాయిడిస్ అనే ఇంకో బదనికను లూసర్న్ గడ్డి మీది ముక్కుపురుగు కోసం 1982లో మొరాకో నుంచి తెచ్చారు. అది ఆ దేశపు సొంత ముక్కుపురుగులను కూడా పట్టింది. తర్వాత క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్క వేళ్లను తినే పురుగు వస్తే, దాని మీద మొరాకో వంశం పనిచేయలేదు. యూరప్ నుంచి అదే జాతిని తెద్దామంటే, మొరాకో వంశంతో జతకట్టి పుట్టే సంకరాలు ఆ పురుగు మీద సరిగా పనిచేయవని ప్రయోగశాలలో తేలింది. చివరికి ఐర్లాండ్‌లో మగతోడు లేకుండా పిల్లలను కనే వంశం దొరికింది. అది ఎవరితోనూ జతకట్టదు కాబట్టి సంకరమయ్యే భయం లేదు. 2006లో దాన్ని వదిలారు, బాగా పనిచేసింది. ఇందాక నేను తప్పు పట్టిన గుణమే అక్కడ వాళ్లు ఏరికోరి ఎంచుకున్నారు. 14 తరాల తర్వాత ఆ క్లోవర్ పురుగు కూడా ఎదురు తిరుగుతుందా అని మీరు అడగవచ్చు. దానికి వాళ్లు ఏటా పురుగులను పట్టి, కోసి, లోపల కందిరీగ పిల్ల ఉందో లేదో లెక్క రాస్తున్నారు. మనం వదిలిన బదనికలకు అలాంటి పుస్తకం ఒకటి తెరవాలని మీ కళాశాల వారిని కోరుతున్నాను.